ఐలయ్య అరగదీసిన అద్దం

నేను ఒక అద్దాన్ని. అయితే నా ముందు నిలబడి తల దువ్వుకోవాలనుకునేవాళ్ళకు నేను పనికిరాను. దగ్గరికొస్తే ముక్కును వంకాయంత చేసి చూపిస్తాను, నాలుగడుగులు వెనక్కి వెళితే మనిషిని తలకిందులుగా నిలబెడతాను. నన్ను ముఖాల కోసం చేయలేదు. దూరం నుంచి వచ్చే వెలుగునంతా ఒక్కచోటికి చేర్చడం కోసం చేశారు. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఆ ఒక్క విద్య ఒక ఇంటిని ఏం చేసిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

నన్ను చేసిన మనిషి చిలువేరు ఐలయ్య. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. అప్పటికింకా బొగ్గు ఇంజన్లే నడిచేవి. పొద్దంతా మసిలో, ఆవిరిలో పనిచేసి, సాయంత్రం సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీకి వెళ్ళేవాడు. పేకాట ఆడేవాళ్ళ పక్కనే కూర్చుని పాత పత్రికలు తిరగేసేవాడు. అక్కడే ఒకసారి దూరదర్శినిని ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చో వివరించే వ్యాసం చదివాడు. బొమ్మలన్నీ కార్బన్ పేపరు పెట్టి ఎత్తి రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు.

సికింద్రాబాదులో పాత సామాన్ల దుకాణంలో ఓడ కిటికీకి వాడే మందపాటి గాజు బిళ్ళలు రెండు దొరికాయి. ఆరంగుళాల వెడల్పు. వాటిలో ఒకటి నేను. రెండోదాన్ని నీళ్ళు నింపిన డ్రమ్ము మీద బిగించి, ఇంజను వాల్వులు అరగదీసే గరుకు పొడి చల్లి, తడిచేసి, నన్ను దాని మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. ముందుకూ వెనక్కూ నాలుగు సార్లు, ఒక అడుగు పక్కకు. మళ్ళీ నాలుగు సార్లు, మళ్ళీ అడుగు. అలా డ్రమ్ము చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. రైల్వే క్వార్టర్ల వాళ్ళంతా గోడ మీంచి తొంగిచూసి, ఐలయ్య గానుగెద్దులా తిరుగుతున్నాడని నవ్వుకున్నారు. ఏడు నెలలు తిరిగాడు. నేను మధ్యలో గుంటపడ్డాను. ఆ గుంట వెంట్రుకవాసి అటూ ఇటూ కాకూడదని రేజరు బ్లేడు అంచు అడ్డం పెట్టి, దీపం వెలుగులో గంటలకొద్దీ పరీక్షించేవాడు. మనుషుల్లో ఇంత ఓపిక ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ ఓపిక గాజు మీద చూపినంతగా ఇంట్లోవాళ్ళ మీద చూపరని కూడా తర్వాత తెలిసింది.

భార్య పేరు సమ్మక్క. మేడారం తల్లి పేరే పెట్టారు ఆమెకు. ఒక్కతే కూతురు, వినోద. నేను తయారైన ఏడు దానికి పదకొండేళ్ళు. తండ్రి అరగదీస్తుంటే ఎదురుగా కూర్చుని నీళ్ళు చిలకరించేది. నాకు వెండి పూత పెట్టాల్సి వచ్చినప్పుడు సమ్మక్క పెట్టె తెరిచి, వినోద చిన్నప్పటి పట్టీలు తీసి ఇచ్చింది. హనుమకొండలో అవుసులాయన, అదే కంసాలి, వాటిని తేజాబు ఆమ్లంలో కరిగించాడు. అలా నా ముఖాన వెలుగు పుట్టింది.

పూత ఆరాలని ఐలయ్య నన్ను వాకిట్లో గోడకు ఆనించి లోపలికి వెళ్ళాడు. ఎండ నా మీద పడింది. నేను నా పని చేశాను. ఎదురుగా తీగ మీద ఆరేసిన పసుపు చీర నుంచి మొదట సన్నగా పొగ లేచింది. తర్వాత రూపాయి బిళ్ళంత మేర నల్లబడి, అంచులు ఎర్రగా పాకాయి. సమ్మక్క పరుగెత్తుకొచ్చి చెంబెడు నీళ్ళు చల్లింది.

"గిది మంచి లచ్చనం కాదు, వినోద నాయినా. చీరకు చూడు ఎంత బొక్క పెట్టిందో."

ఐలయ్య టేపు తెచ్చి నా నుంచి చీర దాకా కొలిచాడు. ముఖం వెలిగిపోయింది. "నాలుగు ఫీట్లు! నేను లెక్కేసిన కాడనే కాలిందే సమ్మక్కా! ఇగ బెంగలేదు."

ఆమె కాలిన చీరను పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన ఆ టేపు కొలతను పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఒకే మచ్చను ఇద్దరూ చూశారు. ఇద్దరికీ ఒకటే కనపడలేదు.

రేకు గొట్టం అడుగున నన్ను బిగించాడు. పాత బైనాక్యులరు నుంచి తీసిన కటకం కంటి దగ్గర పెట్టాడు. ఆ ఉగాదికి చీకటి పడ్డాక క్వార్టర్ల వాళ్ళంతా వరస కట్టి శనిగ్రహం చూశారు. కొందరు లెంపలు వేసుకున్నారు. పక్కింటి బుచ్చవ్వ అయితే తనకు ఏలినాటి శని నడుస్తోందని, చూడనని ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. వినోద మాత్రం ఎక్కిన స్టూలు దిగమంటే దిగలేదు. శని చుట్టూ కంకణం ఉందని బడిలో అందరికీ చెప్పింది. టీచరు నమ్మకపోతే బొమ్మ గీసి చూపించింది. ఆ రోజుల్లో ఐలయ్య షెడ్డు నుంచి ఈలవేసుకుంటూ ఇంటికొచ్చేవాడు.

ఆ మరుసటి ఏడు, ఎనభయ్యవ సంవత్సరం ఫిబ్రవరిలో, సూర్యగ్రహణం వస్తుందని పేపర్లలో రాశారు. కాజీపేటలో సూర్యుడు దాదాపు మొత్తం మూసుకుపోయి గోరు ముక్కంత మిగులుతాడని చదివి ఐలయ్య క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో చుట్టాడు. అదే మాఘంలో మేడారం జాతర. రెండేళ్ళకొకసారి వచ్చేది. వినోదకు అమ్మవారు పోసినప్పుడు సమ్మక్క మొక్కుకుంది, పిల్ల బరువుకు సరిపడా బంగారం ఇస్తానని. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు.

"సెలవులు గ్రహణానికి దాచుకున్న," అన్నాడు ఐలయ్య. "వచ్చే జాతరకు పోదాం తియ్. తల్లి యాడికి పోతది?"

"తల్లి యాడికీ పోదు. మనమే ఉంటమో లేదో," అంది సమ్మక్క. అంతకుమించి వాదించలేదు. జాతర బండ్లు ఊరు దాటి వెళుతుంటే గడపలో నిలబడి చూసింది.

ఇక ఇక్కడి నుంచి చెప్పడం నాకు కష్టం.

సూర్యుణ్ణి నాలోంచి నేరుగా చూడకూడదని ఐలయ్యకు తెలుసు. తెల్ల అట్ట మీద నీడ పట్టి చూడాలని ఆ వ్యాసంలోనే రాసి ఉంది. అయితే అట్ట మీద సూర్యుడు పాలిపోయినట్టు కనిపించాడు. ఆయనకు తృప్తి కలగలేదు. షెడ్డులో వెల్డింగు చేసేవాళ్ళు ముఖానికి పెట్టుకునే నల్లగాజు పలక ఒకటి తెచ్చి, చిన్న ముక్క కోసి, కంటి కటకం మీద బిగించాడు. గొట్టం మూతికి అట్ట మూత వేసి, దానికి సన్నటి బెజ్జం పెట్టాడు, వెలుగు తక్కువగా దిగాలని. గురువారం మధ్యాహ్నం ఒంటరిగా పరీక్షించాడు. సూర్యుడు పండిన నారింజలా ముచ్చటగా కనిపించాడు. ఆయన కన్ను పక్కకు తీసి చెమట తుడుచుకుంటుండగా 'టిక్' అని చప్పుడైంది. నల్లగాజు నిలువునా చీలింది. చీలికలోంచి తెల్లటి గీత ఒకటి బయటికి దూసుకొచ్చి ఆయన చొక్కా మీద పడింది.

ఐలయ్య గొట్టాన్ని సూర్యుడి నుంచి పక్కకు తిప్పాడు. తర్వాత పగిలిన ముక్కను గోడ అవతలికి విసిరేశాడు. మూతకున్న బెజ్జాన్ని ఇంకా చిన్నది చేశాడు. అదే పలకలోంచి ఇంకో ముక్క కోసి బిగించాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు నోరుంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది ఆ రోజే.

శనివారం మధ్యాహ్నం. క్వార్టర్లన్నీ తలుపులు వేసుకున్నాయి. వీధిలో కుక్క కూడా లేదు. సమ్మక్క నీళ్ళబిందె మీద, పచ్చడి జాడీ మీద గరికపోచలు వేసి, వినోద చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"పిల్లను బయటికి తీస్కపోకు. నీకంత మోజుంటే ఒక్కనివే చూసుకో."

"నా చేతుల మీద నమ్మకం లేదా నీకు?" అన్నాడు ఐలయ్య.

ఆమె ఆ చేతుల వంక చూసింది. ఏడు నెలలు గాజును అరగదీసిన చేతులు. మెల్లగా పిల్ల చెయ్యి వదిలింది.

వాకిట్లో తండ్రీకూతుళ్ళిద్దరే. రెండు నిమిషాలు చూడటం, రెండు నిమిషాలు ఆగడం. అలా గంట గడిచింది. సూర్యుడు కొడవలిలా సన్నబడ్డాడు. ఎండ రంగు మారింది. నీడల అంచులు కత్తుల్లా పదునెక్కాయి. కాకులు గూళ్ళకు మళ్ళాయి. చలిగాలి తగిలింది. నల్లగాజులోంచి ఇప్పుడు ఏమీ కనపడటం లేదు.

"నాయినా, సక్కగ కనపడ్తలేదు," అంది వినోద.

ఐలయ్య ఆలోచించాడు. వెలుగు ఎలాగూ లేదు కదా అనుకున్నాడు. మూత తీసేశాడు. నా ముఖం మొత్తం తెరుచుకుంది.

"ఆ! ఇప్పుడు కనపడ్తుంది! గోరు లెక్కనే ఉన్నడు నాయినా!" వినోద గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఐలయ్య తల ఎత్తి ఆకాశంలోకి, చుట్టూ కమ్ముకున్న ఆ వింత మసక వెలుగులోకి చూస్తూ నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి పగలు చూడలేదు. రెండు నిమిషాల లెక్క మరిచిపోయాడు.

"ఇగ చాలు, ఆగు బిడ్డా," అన్నాడు కాసేపటికి.

"ఇంకొంచెంసేపు నాయినా!"

సూర్యుడు మళ్ళీ బయటపడుతున్నాడు. నేను మొత్తం ముఖంతో ఆ వెలుగును అందుకుంటున్నాను. చేర్చుతున్నాను. ఆపడం నాకు రాదు. టిక్ అని వినపడింది.

వినోద అరవలేదు. వెనక్కి తూలి, కుడికన్ను నులుముకుని, చిన్నగా నవ్వింది కూడా. "నాయినా, మెరుపు మెరిసింది," అంది. తర్వాత తండ్రి ముఖం వైపు చూసి, "నీ మూతి కనపడ్తలేదు. మధ్యల నల్లగుంది," అంది.

వరంగల్లులో కంటి డాక్టరు చీకటిగదిలో దీపం వేసి చూశాడు. కుడికంటికి అంచుల్లో చూపు ఉంటుందని, సరిగ్గా దేనివైపు చూస్తే అది కనపడదని, ఇక అంతేనని చెప్పాడు.

బుచ్చవ్వ వచ్చి గుమ్మంలో కూలబడింది. "రాహువు పట్టిండు. వద్దంటే విన్నడా? పసిపిల్లను ఎదురుంగ నిలబెట్టె." క్వార్టర్లన్నీ అదే మాట అన్నాయి. గాజు పగిలిందని అందరికీ తెలుసు. దాన్ని పగలగొట్టింది గ్రహణమేనని కూడా అందరికీ తెలుసు. సమ్మక్క వాళ్ళలా అనలేదు. ఆమె తనను తానే అనుకుంది. మొక్కు చెల్లించకుండా గడపలో నిలబడి జాతర బండ్లను సాగనంపినందుకు తల్లి కోపగించిందని నమ్మింది. ఆ రోజు నుంచి కాళ్ళకు చెప్పులు లేవు. బుధ, గురువారాలు ఒక్కపొద్దు.

ఇక్కడే నాకు మనుషుల సంగతి అర్థం కాలేదు. రాహువు లేడని పదేళ్ళుగా ఇంటింటికీ చెప్పిన ఐలయ్య ఇప్పుడు నోరు విప్పలేదు. రాహువు పేరు ఎవరెత్తినా తలవంచుకుని ఊరుకునేవాడు. నింద మోయడానికి ఆకాశంలో ఒకడు దొరికాడు. భార్య ఒట్టి కాళ్ళతో రాళ్ళలో, ఎండల్లో తిరుగుతుంటే చూస్తూనే రెండేళ్ళు గడిపాడు. నన్ను గొట్టంలోంచి తీసి, పాత యూనిఫారంలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాడు. అక్కడి నుంచి అంతా వింటూ ఉండేదాన్ని, చూడలేనిది విన్నదాన్ని బట్టి ఊహించుకునేదాన్ని. ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పళ్ళేల చప్పుడే వినిపించేది.

మళ్ళీ జాతర వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున సమ్మక్క బెల్లం దిమ్మలు గోనెసంచిలో సర్దుతోంది. పగిలిన అరికాలి నుంచి నెత్తురు కారి గచ్చు మీద అచ్చులు పడ్డాయి. ఐలయ్య తడిగుడ్డ తెచ్చి ఆ అచ్చులు తుడవబోయి, తుడవలేక, అక్కడే కూలబడ్డాడు.

"సమ్మక్కా, గాజు ముందుగాల్నే ఒకటి పగిలింది."

ఆమె చేతులు ఆగాయి. "ఎప్పుడు?"

"గ్రహణానికి ముందు, బేస్తారం నాడు. నేనొక్కన్నే ఉన్న. అదే పలకల్నించి ఇంకో ముక్క కోసి పెట్టిన. ఆ పొద్దు మూత గూడ నేనే తీసిన."

"ఎవరికి చెప్పినవ్?"

"ఎవ్వలకు చెప్పలే."

సమ్మక్క చేతిలోని బెల్లం దిమ్మ కింద పెట్టింది. "నా చేతుల మీద నమ్మకం లేదా అన్నవు. అప్పటికే అది పగిలిందని నీకు తెల్సా?"

"తెల్సు."

ఆమె లేచింది. గోనెసంచి మూతి కట్టింది. వినోదను తీసుకుని ఒక్కతే జాతరకు వెళ్ళింది. ఐలయ్య వెంట రాబోతే చేత్తోనే వారించింది.

నాలుగో రోజు తిరిగొచ్చాక ఐలయ్య భయంభయంగా అడిగాడు, తల్లిని ఏం కోరుకున్నావని.

"ఏం కోరలే. తప్పయిందని చెప్పొచ్చిన. రెండేండ్లు ఆమెనే అనుమానించిన. పసిపిల్ల కన్ను తీసే తల్లి అనుకున్న." గడప దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అంది. "నిన్ను మాఫ్ చేసుడు నాతోని కాదు. కన్ను నాది కాదు. దాన్నడుగు, పెద్దగైనంక."

ఐలయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం తేలిక. వినోద పదో తరగతి పాసైంది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. చెవులకు తొడుగు తగిలించుకుని, ఊరూరికీ గొంతులు కలిపే పని. ఆ పనికి ఒక కన్ను చాలు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. బొగ్గు ఇంజన్లు పోయి డీజిలువి, అవి పోయి కరెంటువి వచ్చాయి. ఎక్స్ఛేంజిలో మనుషులు చేసే పని యంత్రాలు చేయసాగాయి. వినోదను బిల్లుల కౌంటరుకు మార్చారు. ఆ తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు రావడంతో కౌంటరు ముందు వరసలు కూడా పోయాయి. ఇన్ని మారినా ఆ ఇంట్లో ఒకటి మాత్రం మారలేదు. రెండేళ్ళకొకసారి, జాతరకు బయల్దేరేముందు సమ్మక్క ఒకే ఒక్కమాట అడిగేది.

"అడిగినవా?"

"ఇంకా లేదు."

అంతే. ఇంకేమీ అనేది కాదు. ట్రంకుపెట్టెలో నా వెండి పూత నల్లబడిపోయింది. ఆ ప్రశ్న పద్నాలుగు సార్లు విన్నాను. ప్రతిసారీ ఐలయ్య గొంతు ముందటికంటే సన్నబడేది.

రెండు జాతరల మధ్య ఒక వానాకాలంలో సమ్మక్క జ్వరంతో పోయింది. తర్వాతి జాతర వచ్చింది. ఆ ఏడు అడిగేవాళ్ళు లేరు. ఐలయ్య పొద్దుటి నుంచి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడట. ఎవరో అడుగుతారని ఎదురుచూసినట్టు.

ఆ నెలలోనే ఆయనకు శుక్లాల ఆపరేషను అయింది. కంటికి కట్టు విప్పాక రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలి. వినోద సెలవు పెట్టి వచ్చింది. తండ్రిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెప్ప ఎత్తి, మెడ వంకరగా తిప్పి ఎడమకంటితో గురిచూసి చుక్క వేసేది. అలా మెడ తిప్పడం ఆమెకు ముప్పై రెండేళ్ళుగా అలవాటు. ఆమె ముఖం అంత దగ్గరగా వచ్చినప్పుడు ఐలయ్య తట్టుకోలేకపోయాడు. పడుకునే మొత్తం చెప్పాడు. గురువారం సంగతి, విసిరేసిన ముక్క సంగతి, మూత సంగతి.

వినోద చుక్కల సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"ముందుగాల ఒకటి పగిలిందా?"

"పగిలింది బిడ్డా."

"అమ్మకు తెల్సా?"

"తెల్సు. నిన్నే అడగమన్నది."

వినోద గోడకు చేరగిలబడింది. గొంతు పెంచలేదు. "సక్కగ కనపడ్తలేదని అన్నది నేను. మూత తీయించింది నేను. నువ్వు చాలన్నా ఇంకొంచెంసేపు అన్నది నేను. నా కన్ను నేనే పోగొట్టుకున్ననని అనుకున్న నాయినా, ఇన్నేండ్లు. నా పిల్లలు దేనికన్న ఇంకొంచెంసేపు అంటే చాలు, ఒళ్ళు మండి కొట్టిన. ఎందుకు కొడ్తున్నవే అని అమ్మ ఎన్నిసార్లు అడిగిందో! ఒక్కసారన్న ఈ ముక్క చెప్పకపాయె."

ఐలయ్య మాఫ్ చేయమని అడగబోయాడు. అడగలేదు. ఆయన ఆపరేషను అయిన కంట్లోంచి చుక్కలమందు, దానితోపాటు నీళ్ళు, చెవి వైపు జారాయి.

తర్వాత రెండు వారాలు వినోద రాలేదు. చుక్కలు వేయడానికి అల్లుడు వచ్చిపోయాడు. పదిహేనో రోజు ఆమె వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "ఆ అద్దం ఎక్కడుంది?" అంది. ట్రంకుపెట్టె తెరిచి, యూనిఫారం గుడ్డ విప్పి నన్ను బయటికి తీసింది. నల్లబడిన నా ముఖంలోకి చూసింది. నేను ఆమె ముఖాన్ని ఉబ్బించి, మసకగా చూపించాను. నా చేతనైంది అదే. పగలగొడుతుందేమో అనుకున్నాను. అందుకు నేను సిద్ధంగానే ఉన్నాను.

పగలగొట్టలేదు. తాను చదివిన బడికే తీసుకెళ్ళింది. సైన్సు గదిలో గాజు బీరువా ఉంది. హెడ్మాస్టరు సంతోషంగా పుచ్చుకుని, 'రైల్వే ఫిట్టరు స్వహస్తాలతో చేసిన దూరదర్శిని అద్దం' అని కంప్యూటరులో కొట్టించి అంటిస్తానన్నాడు. వినోద ఒప్పుకోలేదు. అట్టముక్క అడిగి, అక్కడే బల్ల మీద కూర్చుని, మెడ వంకరగా తిప్పి, తానే రాసింది:

'ఈ అద్దాన్ని మా నాయిన చిలువేరు ఐలయ్య ఏడు నెలలు చేతులతో అరగదీశాడు. దీనితో శని కంకణం చూశాను. దీనితోనే సూర్యుణ్ణి చూస్తుండగా నా కుడికన్ను పోయింది. తప్పు గ్రహణానిది కాదు, నాది కాదు. పగులుతుందని ముందే తెలిసిన గాజు వాడారు. తెలిసినవాళ్ళు చెప్పలేదు.'

హెడ్మాస్టరు ఇబ్బందిగా కదిలాడు. ఇలాంటివి పిల్లల కంటపడితే బాగుండదేమో అన్నాడు. వెంట వచ్చిన ఐలయ్య బీరువా దగ్గరికి వంగి, కొత్తగా బాగుపడిన కంటితో ఒక్కొక్క అక్షరమే చదివాడు. రెండోసారి చదివాడు.

"ఉండనీయండి సార్," అన్నాడు. "ఒక్క అక్షరం తప్పు లేదు."

తండ్రీకూతుళ్ళు బయటికి వెళ్ళిపోయారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకోలేదు. మెట్ల దగ్గర మాత్రం ఆయన దిగేదాకా ఆగింది.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. నా పక్కన ఒక ఎముకల బొమ్మ చెయ్యి, సగం పగిలిన భూగోళం ఉన్నాయి. పిల్లలు వస్తారు, పోతారు. ఎక్కువమంది ఎముకల చేతినే చూస్తారు. మాస్టర్లు మారారు. ఇప్పటి పిల్లలకు ఆకాశం కావాలంటే జేబులోనే ఉంది. అట్టముక్క అంచులు పసుపు రంగు తిరిగాయి.

మొన్న ఆరో తరగతి అమ్మాయి ఒకతె అందరూ వెళ్ళిపోయాక కూడా నా ముందు ఆగింది. పెదవులు కదుపుతూ అట్ట మీది రాత మొత్తం చదివింది. తర్వాత అరచేత్తో తన కుడికన్ను మూసుకుని, గదిలో ఒక్కొక్క వస్తువు వైపూ మెల్లగా తిరిగి చూసింది. చివరికి నా వైపు తిరిగింది. బయట గంట కొట్టారు. ఆ పిల్ల చెయ్యి మాత్రం ఇంకా తీయలేదు.